చిన్నబావ

ఆ వేసవిలో మా ఆవిడ నా స్థానంలోకి ఇంకొకణ్ణి వెతుక్కుంది. తిండి అడగనివాడు, కునుకు తీయనివాడు, ఎంత గాలి వీచినా బెదరనివాడు. వెతకడం వరకూ ఆవిడ చూసుకుంది. వాణ్ణి నిలబెట్టి బోల్టులు బిగించే పని మాత్రం నాకు అప్పజెప్పింది.

వాడు మనిషి కాదు. పడవ వెనక తగిలించే ఇనుప సరంజామా. రేవులో అందరూ దాన్ని గాలి చుక్కాని అంటారు. పైన సన్నటి రెక్క ఒకటి గాలికి ఎదురు నిలబడి ఉంటుంది. కింద నీళ్ళలో తెడ్డు ఒకటి వేలాడుతుంటుంది. పడవ దారి తప్పిందా, గాలి రెక్కని పక్కకి వాలుస్తుంది, రెక్క తెడ్డుని మెలితిప్పుతుంది, నీటి తోపుకి తెడ్డు ఊగి తాళ్ళని లాగుతుంది, తాళ్ళు చుక్కాని పిడిని లాగుతాయి, పడవ బుద్ధిగా మళ్ళీ దారిలోకి వస్తుంది. కరెంటు అక్కర్లేదు, ఆయిలు అక్కర్లేదు, మొగుడు అక్కర్లేదు.

ఆ చివరి మాట నేను చేర్చుకున్నది. మా ఆవిడ అలాంటి మాటలు అనే మనిషి కాదు. అని ఉంటే నాకే కాస్త తేలిగ్గా ఉండేది.

పడవ ఆవిడది. మా మామగారు సొంత చేతులతో కట్టి, అఖాతం దాటించకుండానే పోయారు. ఆవిడ తెరచాపలు కుడుతుంది. మా రేవులో సగం పడవలు ఆవిడ కుట్టిన గుడ్డ మీదే నడుస్తాయి. నేను బస్సు డ్రైవరుని. ఉద్యోగమంతా స్టీరింగు ముందు కూర్చుని, రిటైరయ్యాక పడవ చుక్కాని దగ్గరికి చేరాను. మా పడవకి చక్రం లేదు, పొడుగాటి కర్ర పిడి ఉంటుంది. దాన్ని కుడికి తోస్తే పడవ ఎడమకి పోతుంది. మొదట్లో తికమకపడ్డాను, తర్వాత చెయ్యి అలవాటు పడింది. పిడి పక్కన, పడవ వెనక పలక మీద, కూర్చోడానికి ఒక చెక్కపీట కూడా నేనే చేసి బిగించుకున్నాను. డ్రైవరు సీటు లేకపోతే నాకు ఎక్కడా తోచదు.

ఆ వేసవి మొదట్లో ఒకరోజు మేమిద్దరం సరదాగా అఖాతం బయటికి వెళ్ళాం. చూస్తుండగానే గాలి పెరిగింది. వెనకనుంచి ఒక్కో అల లేచి వస్తుంటే నాకు తిరిగి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. "పిడి ఇటివ్వండి" అంది మా ఆవిడ. ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు, వేళ్ళు విడిపడలేదు. ఆవిడ నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నిద్రపోతున్న పసిపిల్ల గుప్పిట్లోంచి బొమ్మ తీసుకున్నట్టు, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఒడ్డుకి వచ్చాక ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు, నా దగ్గర కూడా.

మర్నాడు టీ తాగుతూ, "మనకి గాలి చుక్కాని ఒకటి ఉంటే బాగుంటుందండీ" అంది. "దీవులకి వెళ్ళాలంటే రాత్రీ పగలూ పిడి పట్టుకుని కూర్చోలేం కదా."

దీవులంటే సముద్రానికి ఆవలి దీవులు. మధ్యలో రోజుల తరబడి నేల కనిపించదు. మా మామగారి నోట విన్నప్పటినుంచీ ఆవిడకి ఆ ప్రయాణం మీద మనసు. వేసవి చివర్లో గాలి నిలకడపడ్డాక వెళ్ళాలని నిర్ణయించుకుంది. "కూర్చోలేం" అని నన్ను కూడా కలుపుకుని మాట్లాడింది గానీ, ఆవిడ ఒంటిచేత్తో ఎంతసేపైనా కూర్చోగలదని నాకు తెలుసు. తల దించుకుని టీ తాగేశాను.

మా రేవులో గాలి చుక్కాని ఉన్న పడవలు రెండే. రెండూ చూసి రావడానికి వెళ్ళాం. గాలి చుక్కానికి పేరు పెట్టడం అక్కడ ఆనవాయితీ, పడవ సిబ్బందిలో ఒకరి కింద లెక్క. మొదటి పడవలో ఉన్నదాని పేరు కోడలు. దానికి సొంతంగా చిన్న చుక్కాని ఉంది, పడవ పిడి జోలికి రాదు, తన పనేదో తను చేసుకుంటుంది. అందుకే ఆ పేరట. రెండో పడవ గడ్డం కెప్టెన్‌ది. ఆయన దాన్ని గుమస్తా అంటాడు. నేను పైన చెప్పిన తెడ్డూ తాళ్ళూ వ్యవహారం ఈ గుమస్తాదే. ఇది తిన్నగా వచ్చి పిడికే తాళ్ళు కట్టుకుని పెత్తనం చేస్తుంది.

"కోడలే నయం" అన్నాను. "దాని చుక్కాని దానిది, మనది మనది. రేపు మన చుక్కాని విరిగినా అది అక్కరకొస్తుంది."

"బరువండీ. మన పడవ వెనక భాగం సన్నం. అంత బరువు వేలాడదీస్తే తోక నీళ్ళలో కూరుకుపోతుంది."

"మరి గుమస్తా తాళ్ళు తెగితే?"

"మార్చుకుంటాం. తాళ్ళ పని నాకు రాదా?"

"గాలి తగ్గితే గుమస్తా పని చేయడట కదా!"

"గాలి పెరిగినప్పుడే కదండీ మనకి సాయం కావాల్సింది" అంది, నా మొహం చూడకుండా, మెల్లగా. గడ్డం కెప్టెన్ తల ఊపాడు. "పడవ ఎంత ఉరికితే మావాడికి అంత బలం" అన్నాడు.

నా అసలు బాధ బరువూ కాదు, తాళ్ళూ కాదు. కోడలైతే పిడి ఖాళీగా ఉంటుంది. నేను నా పీట మీద కూర్చుని, ఊరికే అయినా సరే, దాన్ని పట్టుకోవచ్చు. గుమస్తా అయితే పిడికి అటొక తాడూ ఇటొక తాడూ వస్తాయి, నా చేతికి చోటుండదు. ఈ మాట పైకి చెప్పుకోలేక నాకు రాని ఇంజనీరింగంతా మాట్లాడాను. బోల్టుల మందం, తెడ్డు కోణం, ఇనుము తుప్పు, ఏదీ వదల్లేదు.

ఇంటికి వచ్చే దారిలో మా ఆవిడ అడిగింది. "మీకు పిడి వదలాలని లేదాండీ?"

"ఛ! నాకేం? పని తప్పితే సుఖమేగా."

"అయితే గుమస్తాలాంటిదే తెద్దాం."

అలా నా నోటితో నేనే ఒప్పుకున్నాను.

సామాను ముక్కలుగా, పొడుగాటి పెట్టెలో వచ్చింది. దాన్ని మా పడవకి అతికేలా చెయ్యడం మా బావమరిది పని. అతను రేవు షెడ్డులో వెల్డరు. నోరు కూడా వెల్డింగు మంటలాంటిదే, ఎటు తిరిగితే అటు చురుక్కుమంటుంది. మధ్యాహ్నం షెడ్డులో అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు ఆ ఇనుప సరంజామాని గోడకి ఆనించి, దానికేసి చూస్తూ అన్నాడు:

"పేరు పెట్టాలి కదక్కా వీడికి! ఇంట్లో బావ ఒకడు ఉండనే ఉన్నాడు. వీడు చిన్నబావ."

షెడ్డంతా గొల్లుమంది. అతనికి ఊపొచ్చింది.

"చిన్నబావ అన్నం అడగడు. చిన్నబావ గురక పెట్టడు. అల చూస్తే చిన్నబావకి వాంతులు రావు."

"నా చొక్కాలు కూడా వాడికే ఇచ్చెయ్యండ్రా!" అన్నాను, అందరికంటే గట్టిగా నవ్వుతూ. చెవులు మండిపోతున్నాయి. నవ్వనిది మా ఆవిడ ఒక్కతే. "కబుర్లు ఆపి బ్రాకెట్లు చూడరా" అని తమ్ముణ్ణి కసిరింది. ఆవిడ కసరకపోయినా బాగుండేది. ఆవిడ నా తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వచ్చిందని అందరికీ తెలిసింది.

గాలి చుక్కాని పడవ వెనక పలకకి సరిగ్గా నడిమధ్యన ఉండాలి. జానెడు అటూ ఇటూ అయినా తెడ్డుకి నీటి తోపు సరిగ్గా అందదు. బావమరిది టేపు పెట్టి నడిమి గీత గీశాడు. గీత తిన్నగా వచ్చి నా పీట మీదనుంచి పోయింది.

"బావా..." అన్నాడు. ఆ ఒక్కసారికి అతని గొంతులో వేళాకోళం లేదు.

అతను మాట పూర్తి చేసే లోపలే స్క్రూడ్రైవరు తెచ్చి పీట ఊడదీశాను. పీట కింద పలక పాత రంగు వెలవకుండా అలాగే ఉంది, నలుచదరంగా. "దీన్ని ముందు వైపు బిగిద్దామండీ" అంది మా ఆవిడ. "ముందు కూర్చుని నేనేం టిక్కెట్లు కొట్టాలా?" అన్నాను. జోకనుకుని బావమరిది నవ్వాడు. నేను జోకు వెయ్యలేదు.

బ్రాకెట్ల బోల్టులు వెనక పలకలోంచి లోపలికి దూసుకొస్తాయి. బయట ఒకరు బోల్టు తిప్పాలి, లోపల ఒకరు నట్టుని పానాతో కదలకుండా పట్టుకోవాలి. లోపలంటే పడవ తోకలో ఉండే సామాను అర. మనిషి ముడుచుకుని పడుకుంటే తప్ప పట్టడు. బయట మా ఆవిడ, బావమరిది చిన్న తెప్ప మీద నిలబడ్డారు. నేను లోపల వెల్లకిలా పడుకుని, పాత తాళ్ళ కంపు పీలుస్తూ, మొహానికి అడుగు దూరంలో నట్టు పట్టుకుని ఉన్నాను. పక్కన ఇంకా బిగించని రంధ్రాల్లోంచి వెలుతురు వస్తోంది. మాటలు కూడా వస్తాయని వాళ్ళకి తట్టినట్టు లేదు.

"బావకెప్పుడు చెప్తావక్కా?"

"ఇది పనిచేస్తే చెప్తాను. పనిచేయకపోతే చెప్పాల్సిన పనే ఉండదుగా."

"ఒంటరిగా అంత దూరం..."

"ఒంటరిగానే తేలికరా. ఆయనకి సముద్రమంటే భయం. ఆ మాట పైకి చెప్పుకోలేరు. నేను రమ్మంటే వచ్చేస్తారు, అదే గొడవ. పడవని చూసుకోవాలా, ఆయన్ని చూసుకోవాలా?"

నా చేతిలో పానా జారింది. నట్టు బోల్టుతో పాటు గిర్రున తిరిగింది. గబగబా మళ్ళీ పట్టుకున్నాను.

బయట బోల్టు తిరగడం ఆగింది. తర్వాత మా ఆవిడ గొంతు వినిపించింది. "పట్టుకున్నారా అండీ?"

"పట్టుకున్నాను" అన్నాను.

మిగతా బోల్టులన్నీ అలాగే పట్టుకున్నాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే కోపం వచ్చేది, కోపం చల్లారేది. ఆవిడ తిట్టలేదు. ఉన్నమాట అంది, అదీ జాలిగా. ఆ అరలో పడుకుని నేను పడ్డ సిగ్గు నా పెళ్ళయ్యాక ఎప్పుడూ పడలేదు. నా చోటు కోసం అంత రాద్ధాంతం చేశానే, ఆ చోటు నాకే వద్దని నాకంటే ముందు ఆవిడకి తెలుసు.

చివరికి మిగిలింది తాళ్ళ పని. తెడ్డు దగ్గర బయల్దేరిన రెండు తాళ్ళు కప్పీల మీదుగా వచ్చి పిడికి చేరాలి. బావమరిదిని ఎవరిదో లాంచీ పాడైందని పిలుచుకుపోయారు. మా ఆవిడ ఇంట్లో కూర్చుని గాలి రెక్కకి పల్చటి గుడ్డ తొడుగు కుడుతోంది. "తాళ్ళు నేను కడతాలే" అన్నాను.

కడుతున్నంతసేపూ చెడ్డ ఆలోచన రాలేదని చెప్పను. ఒక ముడి వదులుగా వేస్తే చాలు, ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, నేను కూడా పరువుగా ఉంటాను అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకే నా మీద నాకు రోత పుట్టి, ప్రతి ముడీ లాగి లాగి చూశాను. ఆవిడ నేర్పిన ముళ్ళే, కుదురుగా, తోకలు సమానంగా కత్తిరించి మరీ వేశాను.

పరీక్ష రోజున గట్టు మీద జనం చేరారు. గాలి బాగుంది. పడవ గట్టుకి కాస్త దూరం కాగానే మా ఆవిడ రెక్కని గాలికి సరిచేసి, తాళ్ళు పిడికి తగిలించి, చేతులు తీసేసింది. బావమరిది ముందు వైపు తెరచాప తాడు పట్టుకున్నాడు. నేను ఎటూ కాకుండా మధ్యలో నిలబడ్డాను.

పడవ కొంచెం కుడికి మళ్ళింది. రెక్క వాలింది, తెడ్డు ఊగింది, తాళ్ళు బిగిశాయి. ఎడమకి రావాల్సిన పడవ ఇంకా కుడికి పోయింది. ఇంకా, ఇంకా. తెరచాప టపటపా కొట్టుకుంది. పడుకోబోయే కుక్కలాగా పడవ తన చుట్టూ తను తిరిగి, లంగరేసి ఉన్న గడ్డం కెప్టెన్ పడవని బర్రున రాసుకుంటూ పోయింది. గట్టు మీద ఒకటే ఈలలు, కేకలు.

మా ఆవిడ ఒక్క అంగలో వచ్చి పిడి పట్టుకుంది. ఆవిడ చూపు తెడ్డు మీదనుంచి తాళ్ళ మీదకి, తాళ్ళ మీదనుంచి కప్పీ మీదకి, అక్కడినుంచి నా మీదకి వచ్చింది. అప్పుడు నేనూ చూశాను. తాళ్ళు తారుమారుగా ఉన్నాయి. అటుది ఇటు, ఇటుది అటు. చేత్తో పిడి పట్టుకుంటే నేను తప్పు చేయను, చేతికి అలవాటే. కానీ తాళ్ళు కట్టేటప్పుడు పనిచేసింది చెయ్యి కాదు, బుర్ర. బుర్ర ఇంకా బస్సులోనే ఉంది. బండి కుడికి పోవాలంటే కుడికే తిప్పాలనుకుని, కప్పీ దగ్గర శ్రద్ధగా మార్చి మరీ కట్టాను.

"ఏమైందక్కా?" అని బావమరిది ముందునుంచి అరిచాడు.

ఆవిడ చటుక్కున రెండు తాళ్ళూ పిడినుంచి విప్పి కింద పడేసింది. "రెక్క బరువైందిరా. నా కుట్టు మందమైపోయింది" అంది.

నేను కిందపడ్డ తాళ్ళు చుట్ట చుట్టాను.

మేం గట్టుకి చేరాక గడ్డం కెప్టెన్ తన పడవకి పడ్డ గీత చూసొచ్చి, "ఏమ్మా, ఇంతింత తెరచాపలు కుట్టే చెయ్యి బెత్తెడు రెక్క కుట్టలేకపోయిందా?" అన్నాడు.

"అప్పుడప్పుడు తప్పుతుందండీ" అంది. ఆ గీతకి తనే రంగు వేసి ఇస్తానంది.

ఇంటికి వచ్చాక తల తుడుచుకుంటూ, "ఈ ఏడాది దీవులు వద్దులెండి" అంది. తువ్వాలు దండెం మీద వేసి, "మీరు అంత అవస్థ పడక్కర్లేదు" అంది.

చెంప ఛెళ్ళుమనిపించినట్టు అయింది. నేను కావాలనే అలా కట్టాననుకుంటోంది. అనుకుని, తమ్ముడి ముందు నన్ను కాపాడింది. చెయ్యని నేరానికి నాకు క్షమాపణ దొరికింది. కాదు, అలవాటులో జరిగిపోయింది అని ఒక్క మాట చెబితే చాలు. చెబితే తాళ్ళు మారుస్తుంది, చిన్నబావ పనిచేస్తాడు, ఆవిడ వెళ్ళిపోతుంది. చెప్పకపోతే నేను ఏ తప్పూ చేయకుండానే నాకు కావాల్సింది జరిగిపోతుంది.

"సరే, నీ ఇష్టం" అన్నాను.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో ఎంత ప్రశాంతంగా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. వేళకి తిన్నాను, కంటినిండా నిద్రపోయాను. ఆవిడ పడవ వెనక భాగానికి పాత పట్టా కప్పేసింది. దీవుల ఊసు ఎత్తలేదు. మొహం మాడ్చుకోలేదు కూడా. నేను అడగకుండానే టీ పెట్టి ఇచ్చేది. తాగేవాణ్ణి.

ఒకరోజు ఒకాయన చంకలో తెరచాప చుట్ట పెట్టుకుని వచ్చాడు. పోయిన ఏడాది మా ఆవిడ కుట్టిందే. గుమ్మంలో నిలబడి నసుగుతూ, "ఏం లేదమ్మా, అతుకులన్నీ గట్టిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసి పెడతావేమోనని. మొన్న మీ పడవ సంగతి విన్నాక మా ఇంట్లో భయపడుతున్నారు" అన్నాడు.

ఆవిడ ముప్పై ఏళ్ళ పనిలో కుట్టిన తెరచాప తిరిగి రావడం నేను చూడలేదు. "దాందేముందండీ, ఇటివ్వండి" అంది. గది నిండా పరిచి, కిటికీ వెలుతురులో కూర్చుని, ఒక్కొక్క అతుకూ వేలి కొసతో తడుముతూ పోయింది. ఆ తెరచాపలో లోపం లేదని ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. అయినా కళ్ళజోడు సర్దుకుని సర్దుకుని వెతుకుతోంది. నేను గుమ్మంలో నిలబడి అదంతా చూశాను. ఇక నిలబడలేక రేవుకి వెళ్ళాను.

పట్టా తీశాను. కప్పీ దగ్గర తాళ్ళు విప్పి మార్చి కట్టడానికి టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. నా పిరికితనం ఖరీదు అంతే. ఇంటికొచ్చి, "పడవలో ఒకసారి వెళ్దాం, రా" అన్నాను. ఆవిడ నా చేతులకేసి చూసింది. అరచేతులకి తాళ్ళ నూగు అంటుకుని ఉంది. సూది దిండుకి గుచ్చేసి లేచింది.

రేవు దాటాక ఆవిడ రెక్క సరిచేసి తాళ్ళు తగిలించింది. పడవ ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తడబడి, కుదురుకుంది. పిడి దానంతట అదే కొంచెం కదిలి, ఆగి, మళ్ళీ కదులుతోంది. ఇద్దరం మధ్యలో ఒట్టి చేతులతో కూర్చుని దాన్నే చూశాం.

"కావాలని కట్టలేదు. బస్సు అలవాటు" అన్నాను.

"తెలుసండీ."

"ఏం తెలుసు?"

"మొదట కావాలనే అనుకున్నాను. తర్వాత పట్టా కప్పేటప్పుడు ముళ్ళు చూశాను. చెడగొట్టాలనుకున్నవాళ్ళు అంత ముచ్చటగా ముళ్ళు వేస్తారా?"

"మరి దీవుల ఊసు మళ్ళీ ఎత్తలేదేం?"

ఆవిడ పిడికేసి చూస్తూనే ఉంది.

"మీరు చెప్తారేమోనని చూశాను" అంది.

నేను పడవ అడుగు చెక్కలకేసి చూస్తూ ఉండిపోయాను. కావాలని కట్టానని ఆవిడ అనుకున్నప్పుడే నయం. ఇన్నాళ్ళూ నా ఎదురుగా తిరుగుతూ, టీలు ఇస్తూ, నేను నోరు విప్పడం కోసం కాచుకుని కూర్చుంది. నేను ఆ టీలు తాగాను.

"ఆరోజు అరలో మీ మాటలు విన్నాను" అన్నాను చివరికి.

"అదీ తెలుసు. నట్టు తిరిగిపోయింది కదా."

"వెళ్ళు" అన్నాను. "నన్ను రమ్మనకు. రమ్మంటే వచ్చేస్తాను."

ఆవిడ చెయ్యి నా చేతి మీద వేసింది. ఆ రోజు వేళ్ళు విడదీసిన చెయ్యే. కాసేపలాగే ఉంచి, లేచి తెరచాప తాడు సవరించుకుంది.

ఒడ్డుకి రాగానే గట్టు మీద నలుగురూ ఉండగా చెప్పాను, తాళ్ళు తప్పు కట్టింది నేను, ఆవిడ కుట్టులో ఏ తప్పూ లేదని. జనం పడీ పడీ నవ్వారు. "బస్సుకి కట్టాల్సిన తాళ్ళు పడవకి కట్టావా బావా!" అని బావమరిది పొట్ట పట్టుకున్నాడు. ఆ కథ రేవు వదిలి నాతోపాటు టీ బడ్డీల దాకా వచ్చింది. ఎవరెన్ని అన్నా నవ్వి ఊరుకున్నాను. ఆ తెరచాప ఆయన ఆ సాయంత్రమే వచ్చి తన చుట్ట తీసుకుపోయాడు.

వేసవి చివర్లో గాలి నిలకడపడింది. బయల్దేరే రోజున రేవు మూతి దాకా నేను పడవలోనే ఉన్నాను. బావమరిది లాంచీ వేసుకుని పక్కనే వస్తున్నాడు. అక్కడిదాకా పిడి నాకు ఇచ్చింది, నేను అడగలేదు. నిలబడే పట్టుకున్నాను, పీట లేదు కదా.

"ఇక తగిలించండి" అంది.

తాళ్ళు పిడికి తగిలించాను. చెయ్యి తీశాను. పడవకి తేడా కూడా తెలియలేదు.

నేను లాంచీలోకి దిగాక ఆవిడ వెనక్కి తిరిగి, గాలి రెక్కని అరచేత్తో తట్టి, "చిన్నబావని నేను చూసుకుంటాను గానీ, మీరు వేళకి తినండి" అంది. ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదలు. నవ్వాం ఇద్దరం.

పడవ అలల మీద వంగుతూ లేస్తూ చిన్నదైపోయింది. బావమరిది లాంచీ చక్రం వదిలి పక్కకి జరిగాడు. "నువ్వు తోలు బావా" అన్నాడు. కూర్చున్నాను. చక్రం కుడికి తిప్పితే లాంచీ కుడికే పోయింది. గట్టు దగ్గరవుతున్నకొద్దీ నా భుజాలు వదులయ్యాయి, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. బావమరిది చూశాడు.

"ఏడవకు బావా, అక్కకేం కాదు" అన్నాడు, నా వీపు మీద చెయ్యి వేసి.

ఆ ఓదార్పు కూడా హాయిగా పుచ్చుకోవచ్చు. ఊరుకుంటే చాలు.

"అందుకు కాదురా" అన్నాను. "ఆ పడవలో నేను లేను కదా. బతికిపోయాననిపిస్తోంది."

అతను వీపు మీదనుంచి చెయ్యి తీయలేదు. లాంచీ గట్టుకి ఆనాక తాడు విసిరి, గుంజకి బిగించి, నాకేసి చూడకుండా అన్నాడు.

"అక్క చెప్పిందిలే బావా. నువ్వు ఏడుస్తావనీ చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది."